తొలి రికార్డు: కొత్త రాక్ గాయకుడి ధ్వనిని ప్రొడ్యూసర్ ఎలా తీర్చిదిద్దాలి

తెలుగులో ప్రొడ్యూసర్ అనగానే సినిమాకు డబ్బు పెట్టే నిర్మాత గుర్తుకు వస్తాడు. రికార్డు ప్రొడ్యూసర్ పని వేరు. ఏ పాట తీసుకోవాలి, ఎవరు తోడుగా వాయించాలి, ఏ వేగంలో, ఏ శ్రుతిలో పాడాలి, మైకు ఎంత దూరంలో ఉండాలి, ఒకే పాటను పదిసార్లు పాడించి రికార్డు చేసిన టేకుల్లో ఏది ఉంచాలి, ఎప్పుడు చాలించాలి అన్న నిర్ణయాలన్నీ అతనివే. సినిమా రంగంతో పోల్చి చెప్పాలంటే అతడు నిర్మాత కన్నా దర్శకుడికే దగ్గర. మీకు తెలిసిన కుర్రాడు ఒకడు గిటార్ పట్టుకుని పాడుతున్నాడనీ, లేదా నలుగురు కాలేజీ స్నేహితులు బ్యాండ్ పెట్టుకున్నారనీ, వాళ్ల మొదటి రెండు పాటలను రికార్డు చేసే బాధ్యత మీ మీద పడిందనీ అనుకుందాం. ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు ఎలా నడపాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణలను ఎక్కువగా ఒకే చోటి నుంచి తీసుకుంటాను. అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో, మెంఫిస్ నగరంలో, 706 యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ 1950 జనవరిలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో తెరిచి, 1952లో సన్ రికార్డ్స్ సంస్థను ప్రారంభించాడు. ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్, రాయ్ ఆర్బిసన్ తమ తొలి రోజుల్లో అక్కడ రికార్డు చేసినవారే. గది ఒకటే, పరికరాలు దాదాపు అవే, అయినా ఈ ఐదుగురిలో ఒకరి పాట విని మరొకరిదని ఎవరూ పొరపడరు. పాడేవాడిలో అప్పటికే ఉన్నదేమిటో కనిపెట్టి, దానికి అడ్డుపడుతున్నవాటిని ఒక్కొక్కటిగా తొలగించడమే ప్రొడ్యూసర్ చేయవలసిన అసలు పని అని ఆ గది చరిత్ర చదివిన కొద్దీ నాకు బలంగా అనిపిస్తుంది. మనం కొత్తగా చేర్చవలసినవి తక్కువ, వాటి వంతు చివర్లో వస్తుంది.

మొదటి మెట్టు: రికార్డు చేయడానికి ముందు వినండి

1953 వేసవిలో పద్దెనిమిదేళ్ల ఎల్విస్ సుమారు 4 డాలర్లు చెల్లించి, ఆ స్టూడియోలో తన కోసం ఒక డిస్కు చేయించుకున్నాడు. రెండు వైపులా పాడినవి నెమ్మదిగా సాగే ప్రేమ పాటలు. ఆఫీసు వ్యవహారాలు చూసుకునే మేరియన్ కైస్కర్, ఈ అబ్బాయి నెమ్మదైన పాటలు బాగా పాడతాడు, గుర్తుంచుకోవాలి అన్న అర్థంలో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది. 1954 జనవరిలో అతను మళ్లీ వచ్చి మరో డిస్కు చేయించుకున్నాడు. ఫిలిప్స్ అతన్ని పిలిపించింది ఆ ఏడాది జూన్ చివర్లో. ఇచ్చిన పాట ఎంతకీ కుదరలేదు. అంతటితో పంపేయకుండా, నీకు వచ్చిన పాటలన్నీ పాడు అని కూర్చోబెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా ఆయన చాలాసేపు విన్నాడు.

మీరూ అలాగే ఒక సాయంత్రం మొత్తం వినడానికే కేటాయించండి. పాడేవాడిని మీ దగ్గరకు రప్పించే బదులు, అతను రోజూ సాధన చేసే చోటికే మీరు వెళ్లండి. తనకు వచ్చినవన్నీ పాడమనండి: చిన్నప్పుడు చర్చిలోనో గుడిలోనో నేర్చుకున్న కీర్తనలు, అమ్మ పాడే పాటలు, సినిమా పాటలు, విని విని అరిగిపోయిన ఇంగ్లిషు రాక్ పాటలు, సగంలో వదిలేసిన సొంత బాణీలు. ఫోను రికార్డింగు ఆన్ చేసి దూరంగా పెట్టండి. బాగుందనీ బాగోలేదనీ ఆ పూట ఏమీ అనకండి, ఎందుకంటే మీరు మెచ్చుకున్నదాన్నే అతను మళ్లీ మళ్లీ చేయడం మొదలుపెడతాడు, మిగతావి దాచుకుంటాడు.

మర్నాడు ఒంటరిగా కూర్చుని ఆ రికార్డింగు వింటూ ఒక కాగితం మీద రెండు నిలువు గీతలతో మూడు గడులు చేసి, 'తనది', 'అనుకరణ', 'భయం' అని మూడు శీర్షికలు పెట్టుకోండి. ఎవరినో గుర్తుచేసే గమకం, అరువు తెచ్చుకున్న ఉచ్చారణ, నేర్చుకున్నట్టు తెలిసిపోయే అరుపు అనుకరణ కిందికి వెళ్తాయి. ఊపిరి అందక మింగేసిన మాటలు, పై స్వరానికి ముందు గొంతు బిగుసుకోవడం, గిటార్ చెయ్యి ఒక్కసారిగా నెమ్మదించడం భయం కిందికి వస్తాయి. మొదటి గడిలో రాయడానికి రెండు మూడు విషయాలే దొరుకుతాయి: ఒక అచ్చును సాగదీసే తీరు, నవ్వుకు దగ్గరగా ఉండే ఒక విరుపు, తాళం కన్నా వెంట్రుకవాసి ముందుకు పడే చెయ్యి. ఆ రెండు మూడు విషయాలనే మీరు రికార్డు మీదికి తేవాలి. ఈ కాగితాన్ని పాడేవాడికి చూపించకండి. తన సహజమైన విరుపు ఇదీ అని తెలిసిన గాయకుడు దాన్ని ప్రదర్శించడం మొదలుపెడతాడు, అప్పుడు అదీ అనుకరణే అవుతుంది.

రెండో మెట్టు: పాటను ఎంచుకోండి

కొత్తవాళ్లు తాము అందరికన్నా బాగా పాడతామనుకునే పాటను పట్టుకొస్తారు. చాలాసార్లు అది వాళ్లు అందరికన్నా జాగ్రత్తగా పాడే పాట మాత్రమే. జాగ్రత్త వినిపించిన చోట రాక్ సంగీతం నిలబడదు. కాబట్టి నిన్నటి కాగితంలో 'తనది' అన్న గడికి ఎక్కువ గుర్తులు తెచ్చిన పాట ఏదో చూడండి, అది అతను సరదాకు పాడి వదిలేసినదైనా సరే.

ఫిలిప్స్ విడుదల చేసిన ఎల్విస్ తొలి రికార్డులో ఒక వైపు 'దట్స్ ఆల్ రైట్', మరో వైపు 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ' ఉన్నాయి. మొదటిది నల్లజాతి బ్లూస్ గాయకుడు ఆర్థర్ క్రుడప్ పాట. రెండోది బిల్ మన్రో పాట, అసలు రూపంలో మూడు లెక్కల నడకలో సాగే కంట్రీ గీతం. దాన్ని నాలుగు లెక్కల నడకలోకి మార్చి, వేగం పెంచి పాడారు. రేడియోలోనూ దుకాణాల్లోనూ నల్లవారి పాటలు వేరుగా, తెల్లవారి పాటలు వేరుగా నడుస్తున్న ఆ దక్షిణాది నగరంలో, ఈ రెండూ ఒకే కుర్రాడు విని పెరిగిన పాటలు. ఫిలిప్స్ వాటిని ఒకే రికార్డుకు రెండు ముఖాలుగా పెట్టాడు. మీ గాయకుడు కూడా రెండు మూడు దిక్కుల సంగీతం వింటూ పెరిగి ఉంటాడు. బుర్రకథ దరువూ, ఇళయరాజా బేస్ గిటార్ నడకలూ, హెవీ మెటల్ రిఫ్ఫులూ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకులూ) ఒకే చెవిలో పడి ఉండవచ్చు. అవి కలిసే చోటు ఏ పాటలో ఉందో వెతకండి. కావాలని తెచ్చి కలపకండి, అతను అప్పటికే కలుపుకుని ఉంటేనే తీసుకోండి.

బయటి పాట ఇవ్వవలసి వస్తే జార్జ్ మార్టిన్ అనుభవం గుర్తుంచుకోండి. లండన్‌లో ఈఎంఐ సంస్థకు చెందిన పార్లోఫోన్ లేబుల్ నడిపిన మార్టిన్, 1962లో లివర్‌పూల్‌కు చెందిన నలుగురి బృందం బీటిల్స్ చేత 'హౌ డు యు డూ ఇట్' అనే పాట రికార్డు చేయించాడు. అది మరొకరు రాసినది, గెలిచే పాట అని ఆయన నమ్మకం. వాళ్లు పాడారు కానీ తమ పాటలే తమకు కావాలన్నారు. మార్టిన్ పట్టుబట్టకుండా వాళ్లు రాసుకున్న 'లవ్ మీ డూ'ను మొదటి రికార్డుగా విడుదల చేశాడు. ఆయన అంచనా తప్పేమీ కాదు, అదే పాటను మరుసటి ఏడాది మరో లివర్‌పూల్ బృందం పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. పాట మంచిదే, ఆ నలుగురిది మాత్రం కాదు. ఈ తేడాను ఒప్పుకోగలిగిన పెద్దరికం ప్రొడ్యూసర్‌కు ఉండాలి.

మన దగ్గర ఇందులో ఒక చిక్కు ఉంది. వయసులో చిన్నవాడు మిమ్మల్ని 'అన్నా' అనో 'సార్' అనో పిలుస్తాడు, మీరు ఏమన్నా 'అలాగే అన్నా' అంటాడు. ఆ 'అలాగే' అంగీకారం అనుకుంటే మోసపోతారు. అందుకే, ఈ పాట చేద్దామా అని అడగకండి. ఈ మూడింటిలో ఏది వదిలేద్దాం అని అడగండి. దేన్ని వదులుకోలేకపోతున్నాడో ముఖంలో తెలుస్తుంది.

మూడో మెట్టు: తోడు వాయించేవారిని తగ్గించండి

ఎల్విస్‌కు తోడుగా ఫిలిప్స్ పిలిచింది ఇద్దరినే, గిటార్‌కు స్కాటీ మూర్, బేస్‌కు బిల్ బ్లాక్. తొలి రికార్డులో డ్రమ్స్ లేవు. నిలువెత్తు బేస్ తీగలను లాగి వదిలి, చేత్తో చెక్క మీద తట్టే బ్లాక్ వాయింపులోనే మద్దెల దెబ్బ ఉంది. జానీ క్యాష్ 'ఐ వాక్ ద లైన్' రికార్డు చేసినప్పుడు గిటార్ తీగల మధ్య కాగితం ముక్క దూర్చి వాయిస్తే, స్నేర్ డ్రమ్ మీద పుల్ల ఆడిస్తున్నట్టు వినిపించింది. ఆ చిన్న బృందానికి వచ్చింది కొద్దిపాటి వాయింపే. ఆ కొద్దిపాటిదే క్యాష్ గొంతు చుట్టూ కావలసినంత ఖాళీని ఉంచింది.

న్యూ మెక్సికోలోని క్లోవిస్ పట్టణంలో స్టూడియో నడిపిన నార్మన్ పెట్టీ 1957లో రాక్ గాయకుడు బడ్డీ హాలీ చేత 'ఎవ్రీడే' రికార్డు చేయించినప్పుడు, డ్రమ్మర్ జెర్రీ ఆలిసన్ డ్రమ్స్ పక్కన పెట్టి తన తొడల మీద చేతులతో దరువు వేశాడు, పెట్టీ భార్య వయొలెట్ చెలెస్టా అనే చిన్న గంటల వాద్యం వాయించింది. ఆ రికార్డు వింటే గొంతులోని ఎక్కిళ్ల వంటి విరుపులన్నీ స్పష్టంగా తెలుస్తాయి. పూర్తి డ్రమ్స్ కింద అవి నలిగిపోయేవి.

కాబట్టి పాటను ముందుగా గొంతు, ఒక గిటార్‌తో పాడించండి. తర్వాత బేస్ చేర్చండి, తర్వాత దరువు. ప్రతి వాద్యం చేరినప్పుడూ 'తనది' గడిలోని గుర్తులు ఇంకా వినిపిస్తున్నాయా అని పరీక్షించండి. వినిపించడం మానేసిన చోట ఆగి, ఆ వాద్యాన్ని పూర్తిగా తీసేయడానికి ముందు, సగం చేసి చూడండి. రెండో గిటార్ అవే కార్డులు (కలిపి మోగించే స్వరాలు) వాయిస్తుంటే రెండు మూడు తీగలకు పరిమితం చేయండి. సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లాలు) గొంతును కప్పేస్తుంటే పల్లవికి మాత్రమే ఉంచండి. కీబోర్డు వాయించే స్నేహితుడు మనసు నొచ్చుకుంటాడని కీబోర్డు ఉంచవద్దు. అతనితో ఈ మాట రికార్డింగు రోజున అందరి ముందూ చెప్పకుండా, ముందే విడిగా, మర్యాదగా చెప్పండి.

నాలుగో మెట్టు: వేగం, శ్రుతి

'ప్లీజ్ ప్లీజ్ మీ' పాట మొదట బీటిల్స్ తెచ్చినప్పుడు రాయ్ ఆర్బిసన్ ధోరణిలో నెమ్మదిగా సాగేది. మార్టిన్ విని, ఇది నీరసంగా ఉంది, వేగం పెంచి తీసుకురండి అన్నాడు. 1962 నవంబరు 26న వేగం పెంచి రికార్డు చేశారు. క్యాష్ నెమ్మదిగా పాడదామనుకున్న 'ఐ వాక్ ద లైన్'ను కూడా ఫిలిప్స్ వేగంగా పాడించాడు. అన్ని పాటలూ వేగంగానే ఉండాలని దీని అర్థం కాదు. రాసినవాడు తన పాటను రాసిన మూడ్‌లోనే వింటూ ఉంటాడు కాబట్టి, మరో వేగంలో అది ఎలా ఉంటుందో అతనికి తోచదు. ఆ పని మీరు చేయాలి.

మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టి, ప్రస్తుత వేగం నిమిషానికి 104 దెబ్బలు అయితే 96లో ఒకసారి, 112లో ఒకసారి, 122లో ఒకసారి పల్లవి మాత్రం పాడించి వినండి. తెలుగు పాట అయితే ఇంకొకటి గమనించాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మధ్యలో ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు వస్తాయి. వేగం పెరిగినప్పుడు ఇంగ్లిషు మాట చివరి హల్లు దగ్గర తెగి తాళానికి అంచు కడుతుంది, తెలుగు మాట చివరి అచ్చు మాత్రం సాగి తర్వాతి మాట మీద పడుతుంది. దీనికి రెండు మందులు ఉన్నాయి: ద్విత్వం సరిగ్గా రెండో దెబ్బ మీదో నాలుగో దెబ్బ మీదో పడేట్టు మాటలను అటూ ఇటూ జరపడం, లేదా పాదం చివర ఒక దెబ్బ ఖాళీ వదలడం. మాటలు అర్థం కాని తెలుగు రాక్ పాటల్లో చాలా వాటి జబ్బు మిక్స్‌లో (గొంతునూ వాద్యాలనూ కలిపే పనిలో) లేదు, ఇక్కడే ఉంది.

శ్రుతి విషయం త్వరగా తేలుతుంది. మామూలు శ్రుతిలో ఒకసారి, అర స్వరం తగ్గించి ఒకసారి, ఒక స్వరం పెంచి ఒకసారి పాడించండి. పల్లవిలోని పై స్వరం దగ్గర గొంతు కొద్దిగా చిరిగినట్టు ఉండాలి, ప్రాధేయపడినట్టు ఉండకూడదు.

ఐదో మెట్టు: గదిని సిద్ధం చేయండి

ఖరీదైన స్టూడియో అవసరం లేదు, నిశ్శబ్దమైన గది అవసరం. అపార్ట్‌మెంట్‌లో అయితే ఫ్యాన్లు, ఏసీ, ఫ్రిజ్ ఆపండి. కుక్కర్ల కూతలు, పాలవాళ్ల బళ్లు, గుడి మైకు ఏ వేళల్లో ఉంటాయో ముందు రోజే రాసుకుని, వాటి మధ్య వేళలను ఎంచుకోండి. వేసవిలో ఫ్యాన్ లేకుండా నాలుగు గంటలు పాడడం కష్టం కాబట్టి ప్రతి ఇరవై నిమిషాలకు ఒక విరామం ఇవ్వండి. గోడలకు దుప్పట్లు కడితే పై ధ్వనుల గరగర తగ్గుతుంది కానీ బేస్ గుంయ్‌మనడం తగ్గదు, దానికి గది మూలల్లో పరుపులు నిలబెట్టాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో జుయ్‌మనే శబ్దం వస్తే అది మన 50 హెర్ట్జ్ కరెంటుది. ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే ప్లగ్ పాయింటు నుంచి అన్ని పరికరాలకూ కరెంటు ఇవ్వండి, వాయించేవాడిని కంప్యూటరుకు దూరంగా, కొంచెం పక్కకు తిరిగి కూర్చోమనండి.

అందరూ ఒకే గదిలో, ఒకరినొకరు చూసుకుంటూ వాయించేట్టు నిలబెట్టండి. ఒక మైకు తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైకు ఆ మైకు నుంచి ఆ దూరానికి కనీసం మూడు రెట్ల ఎడంలో ఉండాలి. అప్పటికీ ఒకరి ధ్వని మరొకరి మైకులో పడుతుంది. పడనివ్వండి, ఆ కలయికలోనే గది వినిపిస్తుంది.

ఆరో మెట్టు: రికార్డింగు రోజు

1954 జూలై 5 రాత్రి. ఎల్విస్, మూర్, బ్లాక్ నెమ్మదైన పాటలు ప్రయత్నిస్తున్నారు. ఏదీ పట్టు దొరకడం లేదు. విరామంలో ఎల్విస్ ఉన్నట్టుండి క్రుడప్ పాట అందుకుని గంతులు వేయడం మొదలుపెట్టాడు, బ్లాక్ బేస్‌తో కలిశాడు, మూర్ గిటార్ అందుకున్నాడు. కంట్రోల్ రూమ్ తలుపు తెరిచి ఉంది. ఫిలిప్స్ తల బయటికి పెట్టి, ఏం చేస్తున్నారు అని అడిగాడు. మాకే తెలియదన్నారు. అయితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చూసుకుని మళ్లీ చేయండి అన్నాడు.

ఈ సంఘటనను అదృష్టం అని చెప్పుకోవడం విన్నాను. నేను ఒప్పుకోను. అలాంటి క్షణం అందడానికి ముందుగా ఏర్పాటయిన సంగతులు ఇందులో మూడున్నాయి, మూడూ మీరు కూడా ఏర్పాటు చేసుకోగలిగినవే.

మొదటిది, విరామంలోనూ ప్రొడ్యూసర్ చెవి గదిలోనే ఉంది. విరామం ఇచ్చి మీరు ఫోను చూసుకోవడానికి బయటికి వెళ్లకండి, రికార్డింగు కూడా ఆపకండి. ఇప్పుడు టేపు ఖర్చు లేదు, మెమరీ కార్డు రాత్రంతా తిరిగినా నష్టం లేదు. పరీక్ష అయిపోయిందని తెలిసిన తర్వాత పిల్లలు ఎలా మాట్లాడతారో, టేకు అయిపోయిందనుకున్న తర్వాత సంగీతకారులు అలా వాయిస్తారు. రెండోది, తాను దేని కోసం వెతుకుతున్నాడో ఫిలిప్స్‌కు ముందే తెలుసు. అప్పటికి కొన్నేళ్లుగా హౌలిన్ వుల్ఫ్, బి.బి. కింగ్ వంటి బ్లూస్ సంగీతకారులను రికార్డు చేస్తూ వచ్చిన చెవి అది. మూడోది, ఆయన మాట చాలా చిన్నది. బాగుంది, కానీ అంటూ వివరణకు దిగలేదు, ఎలా పాడాలో తాను పాడి చూపించలేదు, మళ్లీ చేయమన్నాడు, అంతే.

మీరూ ఒక టేకుకూ మరో టేకుకూ మధ్య ఒకే ఒక్క సూచన ఇవ్వండి, అది చేతితోనో కాలితోనో చేయగలిగినదై ఉండాలి. 'ఇంకా ఫీల్ కావాలి' అన్న మాట పాడేవాడిని భయపెట్టడం తప్ప మరేమీ చేయదు. 'మైకుకు ఒక అడుగు వెనక్కి జరిగి పాడు', 'రెండో చరణంలో గిటార్ ఆపి కాలితో తాళం వెయ్యి', 'పక్క గదిలో ఉన్న మీ అన్నకు వినపడేట్టు పాడు' వంటివి పనిచేస్తాయి. కొన్నేళ్ల కిందట నేను ఒక కుర్రాడి చేత ఒకే పల్లవిని ముప్పైకి పైగా సార్లు పాడించాను. ప్రతిసారీ ఒక తప్పు దిద్దాను. చివరి టేకులో తప్పులేమీ లేవు, ఆ కుర్రాడూ లేడు. మొదటి మూడు టేకులను అప్పటికే చెరిపేసి ఉన్నాను, ఆ పొరపాటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాబట్టి ఏ టేకునూ చెరపకండి, ఒక పాటకు ఎనిమిది పది టేకులు దాటితే ఆ పాటను పక్కన పెట్టి మరొకటి అందుకోండి.

పాటల వరుస కూడా ఆలోచించి వేసుకోవాలి. 1963 ఫిబ్రవరి 11న మార్టిన్ ఒక్క రోజులో బీటిల్స్ తొలి ఆల్బమ్‌కు కావలసిన పాటల్లో అత్యధిక భాగం రికార్డు చేశాడు. జాన్ లెనన్‌కు జలుబు. గొంతు చించుకుని పాడవలసిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను చివరికి అట్టిపెట్టారు, ఎందుకంటే అది ముందే పాడితే మిగతావాటికి గొంతు మిగలదు. ఆ రాత్రి మొదటి టేకే రికార్డుగా వచ్చింది. రెండోసారి ప్రయత్నించేసరికి గొంతు లేదు. అరిచే పాట చివరన, గుసగుసగా పాడేది మొదట, తాళం గట్టిగా ఉండే పాట మధ్యాహ్న భోజనం తర్వాత నిద్రమత్తు వేళ అని నేను వేసుకునే వరుస.

పరికరం మొరాయిస్తే కంగారు పడకండి, ముందు వినండి. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' రికార్డు చేయడానికి ఫిలిప్స్ దగ్గరికి వచ్చినప్పుడు గిటార్ ఆంప్ (ధ్వనిని పెంచే పెట్టె) దారిలోనే దెబ్బతింది. స్పీకరు కోనులో కాగితం కుక్కి వాయిస్తే గిటార్ బొంగురుగా, శాక్సఫోన్‌లా మోగింది. మరొకరైతే ఇంకో ఆంప్ దొరికేదాకా ఆగేవారు. ఫిలిప్స్ ఆ బొంగురుతనాన్ని దాచకుండా ముందుకు తెచ్చాడు.

ఏడో మెట్టు: ఎకో

సన్ రికార్డ్స్ అనగానే అందరూ అడిగేది ఆ ఎకో (ప్రతిధ్వని) గురించే, చాలామంది మొదలుపెట్టేదీ దానితోనే. నేను దాన్ని ఇంత కింద ఉంచడానికి కారణం, పై ఆరు మెట్లూ ఎక్కకుండా దీన్ని వాడితే సన్ రికార్డును అనుకరించిన ధ్వని వస్తుంది తప్ప మీ గాయకుడి ధ్వని రాదు.

దాని తయారీ ఇలా ఉంటుంది. టేప్ యంత్రంలో ధ్వనిని టేపు మీద రాసే హెడ్, దాన్ని చదివే హెడ్ కొద్ది ఎడంతో పక్కపక్కన ఉంటాయి. రాసిన ధ్వని టేపుతో పాటు కదిలి చదివే హెడ్ దగ్గరికి చేరేసరికి కొంత సమయం పడుతుంది. ఫిలిప్స్ దగ్గర ఆంపెక్స్ యంత్రాలు రెండుండేవి. ఒకటి పాటను రికార్డు చేస్తుంటే, రెండోదాని నుంచి ఆలస్యంగా వచ్చే అదే ధ్వనిని అసలు ధ్వనితో కలిపేవాడు. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడుస్తూ, రెండు హెడ్‌ల మధ్య ఎడం 2 అంగుళాలు ఉందనుకుంటే ఆలస్యం సెకనులో వెయ్యి వంతుల లెక్కన 133 అవుతుంది, అంటే 133 మిల్లీసెకన్లు. గొంతు గోడకు తగిలి ఒక్కసారి వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. దీన్నే స్లాప్‌బ్యాక్ అంటారు.

కంప్యూటరులో దీన్ని చేయడానికి గొంతు ట్రాకు నుంచి వేరే ఛానలుకు ఒక సెండ్ (ఆ ధ్వని నకలు) తీసి, అక్కడ డిలే (ధ్వనిని ఆలస్యం చేసే సాధనం) పెట్టండి. సమయం 120 నుంచి 140 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ సున్నా, అంటే ఒక్కటే ప్రతిధ్వని. ఆ ఛానలులో 200 హెర్ట్జ్‌కు కింద, సుమారు 4,000 హెర్ట్జ్‌కు పైన ఉన్నదాన్ని కోసేయండి, ఎందుకంటే టేపు మీది ప్రతిధ్వని అసలు ధ్వని కన్నా మసకగా ఉండేది, ఆ మసకే దాన్ని వెనక్కి నెడుతుంది. పాట వేగంతో లెక్క చూడండి: 15,000ను నిమిషానికి ఉన్న దెబ్బల సంఖ్యతో భాగిస్తే దెబ్బలో నాలుగో వంతు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 112 వేగానికి అది సుమారు 134. డిలే సరిగ్గా ఆ సంఖ్య మీదే ఉంటే తాళంలో కలిసిపోతుంది. రెండు మూడు మిల్లీసెకన్ల తేడాతో పెద్దగా మార్పు తెలియదు, పది దాటితే నడకలో కొంచెం తొట్రుపాటు వస్తుంది, కొన్ని పాటలకు ఆ తొట్రుపాటే అందం.

తెలుగు గొంతుకు దీన్ని ఇంగ్లిషు రికార్డుల్లో ఉన్నంత గట్టిగా పెట్టకండి. సాగే అచ్చుల మీద ప్రతిధ్వని పడితే మాట అలుక్కుపోతుంది. ప్రతిధ్వని వినిపించేంత వరకు పెంచి, తర్వాత అది ఆపినప్పుడు మాత్రమే లోటు తెలిసేంత వరకు తగ్గించండి. గిటార్‌కు కూడా కావాలంటే వేరే డిలే పెట్టండి, కానీ రెండూ ఒకే పాదంలో పోటీ పడకుండా చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: మిక్స్

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే ముందు మెట్లు సరిగా ఎక్కితే ఇది ఒక పూట పని. ఆనాటి పాప్ రికార్డుల్లో గొంతు బాగా ముందు, వాద్యాలు దూరంగా వెనక ఉండేవి. ఫిలిప్స్ ఎల్విస్ గొంతును వాద్యాలకు దగ్గరగా జరిపాడు, అందువల్ల వినేవాడు మాట పట్టుకోవడానికి కాస్త ముందుకు వంగుతాడు. మీరూ గొంతును మీకు సౌకర్యంగా అనిపించే చోటు నుంచి కొద్దిగా తగ్గించి చూడండి. మిక్స్‌ను రెండు స్పీకర్ల మీద కాకుండా ఫోను స్పీకరు మీద, తక్కువ శబ్దంలో వినండి. అక్కడ దరువు, గొంతు, ఒక గిటార్ తెలిస్తే చాలు. ఆటోట్యూన్ (శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్) వాడవలసి వస్తే ఒక్క స్వరానికి వాడండి, పాదం మొత్తానికి వద్దు.

తొమ్మిదో మెట్టు: కాగితాలు

ధ్వని గురించి రాస్తూ డబ్బు మాట ఎందుకని అనుకోవద్దు. బడ్డీ హాలీ 1956లో నాష్‌విల్‌లో డెక్కా సంస్థకు 'దట్ల్ బీ ద డే' పాడాడు, వాళ్లు దాన్ని అప్పట్లో విడుదల చేయలేదు. 1957 ఫిబ్రవరిలో క్లోవిస్‌లో, గంటల లెక్కన డబ్బు అడగని నార్మన్ పెట్టీ స్టూడియోలో, అదే పాటను మళ్లీ పాడాడు. ఆ రికార్డు అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. డెక్కా ఒప్పందం ప్రకారం ఆ పాటను తన పేరుతో మళ్లీ రికార్డు చేయకూడదు కాబట్టి అది 'ద క్రికెట్స్' అన్న బృందం పేరుతో వచ్చింది. గడియారం లేని గది ఆ గొంతును విడిపించింది. కానీ పాట రచయితల పేర్లలో పెట్టీ పేరు కూడా చేరింది, డబ్బు లెక్కల దగ్గర తగాదా వచ్చి 1958 చివర్లో హాలీ ఆయన నుంచి విడిపోయాడు. ఇంత మంచి ధ్వనిని తెచ్చిన బంధం అలా ముగియడం నాకు ఎప్పుడూ విచారంగానే ఉంటుంది.

అందుకే మొదటి టేకుకు ముందే ఒక పేజీ రాసుకోండి. పాట రాసినవారు ఎవరు, బాణీ ఎవరిది, రికార్డింగు హక్కు ఎవరిది, వచ్చే ఆదాయంలో ఎవరికి ఎంత అన్నది స్పష్టంగా తెలుగులోనే రాసి, అందరూ సంతకాలు చేసి, తలా ఒక ప్రతి ఉంచుకోండి. మాట మార్చమనో వేగం పెంచమనో సలహా ఇచ్చినంత మాత్రాన మీ పేరు రచయితల్లో చేర్చుకోకండి. ఆ సలహా ప్రొడ్యూసర్ ఉద్యోగంలో భాగమే.

పదో మెట్టు: వినిపించండి, రాసి పెట్టుకోండి

ఫిలిప్స్ తన కొత్త రికార్డును ముందుగా డబ్ల్యూహెచ్‌బీక్యూ రేడియోలో రాత్రి కార్యక్రమం నడిపే డ్యూయీ ఫిలిప్స్‌కు ఇచ్చాడు. ఇంటిపేరు ఒకటే కానీ ఇద్దరికీ చుట్టరికం లేదు. నల్లవారి పాటలను తెల్ల శ్రోతలకు అలవాటు చేసినవాడు అతను. పాట వేయగానే ఫోన్లు మోగడంతో అదే రాత్రి దాన్ని పదేపదే వేశాడు. జూలై 19న రికార్డు దుకాణాలకు చేరింది. మీరు కూడా పాటను అంతర్జాలంలో పెట్టడానికి ముందు, బ్యాండుతో ఏ సంబంధమూ లేని ముగ్గురికి, ఏమీ చెప్పకుండా వినిపించండి. వాళ్లు ఏమన్నారో కన్నా, పాట మధ్యలో ఎప్పుడు మాట్లాడడం మొదలుపెట్టారో గమనించి, ఆ సెకను రాసుకుని, ఆ చోటికి వెళ్లి మళ్లీ వినండి.

మిగిలిన పని ఆ రాత్రే చేయండి, మర్నాటికి మరిచిపోతారు. మైకుకూ నోటికీ మధ్య ఎన్ని అంగుళాలు, ఆంప్ బొత్తాలు ఏ అంకె మీద ఉన్నాయి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, డిలే ఎన్ని మిల్లీసెకన్లు, గిటార్‌కు ఎప్పటి తీగలు అన్నీ నోటుబుక్కులో రాసి, గది ఫోటో తీసుకోండి. 1955 నవంబరులో ఫిలిప్స్ ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్‌సీఏకు 35,000 డాలర్లకు అమ్మాడు. 1956 జనవరిలో ఆ పెద్ద సంస్థ నాష్‌విల్‌లోని తన స్టూడియోలో అదే గాయకుడిని, అదే గిటారిస్టును, అదే బేసిస్టును పెట్టుకుని ఆ ఎకో కోసం వెతికింది. మెంఫిస్ ధ్వని దొరకక, హాలు దారిలో ధ్వనిని మోగించి మరో రకం ఎకో తెచ్చుకుంది. మీ బ్యాండ్ రెండో పాటకు మూడు నెలల తర్వాత అదే గదికి తిరిగి వచ్చినప్పుడు, నోటుబుక్కు తెరిచి మైకును అదే అంగుళం దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మార్చవలసింది ఉంటే అక్కడి నుంచి మార్చవచ్చు.